తారు తగలని దారి

రెజిస్ డ్రైవింగ్ లైసెన్సు పోయిందని తెలిసిన రోజున పీఠభూమి మీది పుయిరెనూ ఊరంతా కడుపుబ్బ నవ్వుకుంది. ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టిన ప్రతివాడికీ అది పట్టడం నేర్పింది రెజిసే మరి. ముప్ఫై ఏళ్ళ పైగా డ్రైవింగ్ స్కూలు నడిపి, "అద్దంలో చూశావా? చూడలేదు. చచ్చాం ఇద్దరం" అంటూ ఊళ్ళో మూడొంతుల మందికి చివాట్లు పెట్టిన మనిషి. అలాంటివాడు తాగి పోలీసులకి దొరికాడట! రొట్టెల వ్యాను దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళకి ఆ వారం రొట్టె కంటే ఆ కబురే రుచిగా ఉంది.

తాగి దొరికాడన్న మాట ఎవరు పుట్టించారో తెలియదు. దాన్ని కాదనకుండా ఊరుకున్నది మాత్రం అతని భార్య సొలాంజ్. అసలు సంగతి లిమోజ్ నగరంలో డాక్టరు చెప్పాడు. మతిమరుపు జబ్బు, మెల్లమెల్లగా ముదురుతుంది, ఇక రోడ్డు మీదికి పంపకండి, కారైనా సరే సైకిలైనా సరే అన్నాడు. ఆ పీఠభూమి మీద జనం వాన గురించి మాట్లాడతారు, గడ్డి గురించి మాట్లాడతారు, పక్కవాడి పెళ్ళాం గురించి ఇంకా బాగా మాట్లాడతారు. జబ్బు గురించి మాత్రం నోరెత్తరు. తాగి దొరికితే మగవాడికి అక్కడ పెద్ద పరువు తక్కువేం కాదు. బుర్ర పనిచెయ్యడం లేదంటే అది వేరే. అందుకని సొలాంజ్ రొట్టె చంకన పెట్టుకుని, వాళ్ళ నవ్వులు వింటూనే ఇంటికి వచ్చేసింది.

రోడ్డు వద్దన్నారు సరే, రెజిస్ అదృష్టం కొద్దీ రోడ్డుతో పనిలేని దారి ఒకటుంది. అది అతను కూర్చిన దారే. తవ్వి వేసింది కాదు, ఊరు మరిచిపోయిన పాత బాటల్ని ఒకదానికొకటి ముడేసి చేసింది. చర్చి వెనక పొదల మధ్య పల్లపు బాట, అక్కణ్ణించి వాగు మీద చెక్క వంతెన, ఏనాడో పట్టాలు పీకేసిన ట్రాము కట్ట, ఫిర్ చెట్ల అడవిలో దుంగలు లాక్కెళ్ళే కంకర బాట, చివరికి ఆవులు పెంచే గిల్బేర్ పచ్చిక బయలు గుండా మళ్ళీ ఊరు. పొద్దున్న కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు. ఒక్కచోట కూడా తారు తగలదు, ఒక్క కారూ ఎదురురాదు. వెడల్పు టైర్ల సైకిళ్ళ మీద కంకర బాటలు పట్టి తిరిగేవాళ్ళు ఎక్కడెక్కణ్ణించో వచ్చి ఆ చుట్టు తిరిగి వెళ్ళేవారు. వాళ్ళ సంఘానికి పెద్ద టిబో, పక్క పట్నంలో లెక్కల మాస్టారు. ఏటా చలికాలంలో తన వాళ్ళని వెంటేసుకుని వచ్చి, రెజిస్ చూపించినచోటల్లా ముళ్ళపొదలు కొట్టి బాటలు బాగుచేసేవాడు.

"కార్లు నేర్పేవాడివి కార్లు లేని దారులు వెతుక్కుంటావేంట్రా?" అని గిల్బేర్ ఎగతాళి చేసేవాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు.

"వీళ్ళందరికీ నేర్పింది నేనేగా. ఎలా నడుపుతారో నాకు తెలీదూ?" అనేవాడు రెజిస్.

అతను పట్టుబట్టేది ఒక్క విషయంలోనే. గిల్బేర్ బయలుకి అటొకటి ఇటొకటి రెండు గేట్లున్నాయి. తీసినవాడు దిగి, మళ్ళీ మూసి, గొలుసు తగిలించి, ఒకసారి లాగి చూసుకుని మరీ కదలాలి. గేటు బార్లా వదిలేస్తే ఆవులు కిందికి దిగి పెద్ద రోడ్డెక్కుతాయి. ఆ రోడ్డు మీద దుంగల లారీలు తెరిపి లేకుండా తిరుగుతుంటాయి. కొత్తవాడెవడైనా గొలుసు తగిలించడం మరిచిపోతే రెజిస్ వాణ్ణి అక్కణ్ణించే వెనక్కి పంపేసేవాడు. చెక్క మీద తెల్ల రంగుతో రాసి పెట్టాడు కూడా: "గేటు వేసి వెళ్ళండి. మీ ఇంటి తలుపైతే వెయ్యరా?"

జబ్బు వచ్చాక ఆ చుట్టు ఒక్కటే అతనికి మిగిలింది. ఇంట్లో ఉన్నంతసేపూ కళ్ళజోడు వెతికి, వెతికేది ఏమిటో మరిచి, సొలాంజ్ మీద విసుక్కుని, ఆ విసుగూ మరిచిపోయేవాడు. సైకిలెక్కితే మాత్రం పాత రెజిసే. కాళ్ళకి దారి తెలుసు. ఎక్కడ గేరు మార్చాలో వేళ్ళకి తెలుసు. చెంపలు ఎర్రబడి, గాలి వాసనతో ఇంటికొచ్చి, సూప్ తాగి, అడుగున మిగిలినదాంట్లో కాస్త ఎర్ర వైన్ ఒంపుకుని గిన్నెత్తి గటగటా పట్టించి, "ఇవాళ అడవిలో జింక కనిపించింది తెలుసా" అనేవాడు. ఆ గంట కోసమే సొలాంజ్ రోజంతా బతికేది. ఆ గంట పోతే ఆయన పోయినట్టేనని ఆమెకి తెలుసు. అందుకే దాన్ని కళ్ళలో పెట్టుకుని కాపాడుకుంది.

ఏప్రిల్‌లో ఒకరోజు నీళ్ళ సీసా మరిచిపోయి వెళ్ళాడని, సొలాంజ్ అడ్డదారిన గిల్బేర్ బయలు దగ్గరికి తన పాత సైకిల్ మీద వెళ్ళింది. రెజిస్ అప్పుడే వచ్చాడు. దిగాడు. గొలుసు విప్పాడు. సైకిల్ని జాగ్రత్తగా ఇవతలికి నడిపించుకొచ్చాడు. గేటు వైపు తిరిగాడు. తిరిగి, చెయ్యి చాపి, ఆ చెయ్యి ఎందుకు చాపాడో తెలియనట్టు కాసేపు నిలబడిపోయాడు. తర్వాత ఆ చేత్తోనే టోపీ సర్దుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. ఎర్రావులు తలలెత్తి అటే చూస్తున్నాయి.

సొలాంజ్ పరుగెత్తి గేటు మూసింది. గొలుసు తగిలించి, లాగి చూసింది. 

ఆ మర్నాటి నుంచి ఆమె ఉద్యోగం అదే. రెజిస్ అటు బయల్దేరడం, ఇంటి పని వదిలేసి ఈమె అడ్డదారిన బయల్దేరడం. పొదల చాటున నిలబడి, అతను వెళ్ళేదాకా ఆగి, రెండు గేట్లూ మూసి, మళ్ళీ అడ్డదారిన అతని కంటే ముందే ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు సూప్ వేడిచేసేది. ఎంత కాలం ఇలా? ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు. వేసుకుంటే జవాబు చెప్పాలి కదా. మోకాలు అరిగిపోయిన ఆడమనిషి, అరవై దాటాక, సొంత మొగుడి వెనక దొంగలా గడిపింది ఆ వసంతమంతా.

జూన్‌లో ఒకరోజు మోకాలు వాచి మంచం దిగనివ్వలేదు. "ఇవాళ వెళ్ళకు రెజిస్, వానొచ్చేట్టుంది" అంది. అతను కిటికీలోంచి నీలంగా మెరుస్తున్న ఆకాశం చూసి, "నీకు మతిపోతోంది సొలాంజ్" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పూటే గిల్బేర్ ఆవులు రోడ్డెక్కాయి. దుంగల లారీ మలుపు తిరుగుతూ ఒక పెయ్యని గుద్దేసింది. డ్రైవరుకి నుదురు పగిలింది, లారీ బోదెలోకి ఒరిగింది. పెయ్య మాత్రం నడుం విరిగి, పశువుల డాక్టరు వచ్చేదాకా రోడ్డు మధ్యలోనే అరుస్తూ పడివుంది. ఆ అరుపు ఊళ్ళోకి వినిపించింది. మంచం మీద పడుకున్న సొలాంజ్‌కీ వినిపించింది.

ఇక ఊరు భగ్గుమంది. సైకిలోళ్ళ పనే అన్నారు. పట్నం నుంచి రంగురంగుల చొక్కాలేసుకుని ఊడిపడేవాళ్ళకి పశువుల బాధ ఏం తెలుస్తుందన్నారు. గిల్బేర్ ఎవరి పేరూ ఎత్తలేదు. ఊరి సభకి ఒక అర్జీ మాత్రం పెట్టుకున్నాడు. తన బయలులోంచి పోయే ఊరి బాటని మూసేసి ఆ నేల తనకి అమ్మమని. బాటకి బదులు పెద్ద రోడ్డు ఉందిగా, కావలసినవాళ్ళు దాని మీద పోతారని.

పెద్ద రోడ్డు! సొలాంజ్‌కి తిండి సయించలేదు. ఆ బాట మూసేస్తే చుట్టు తెగిపోతుంది. రెజిస్ కాళ్ళు అతన్ని తిన్నగా లారీల కిందికి తీసుకెళతాయి. లేదా ఇంట్లో కుర్చీకి కట్టేసినట్టు కూర్చోబెట్టాలి. పోనీ నిజం చెప్పేద్దామంటే, గేటు వెయ్యని మనిషిని ఊరు ఆ బాట తొక్కనిస్తుందా? ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. గిల్బేర్ దగ్గరికి వెళ్ళి రహస్యంగా చెప్పుకోవచ్చుగా అంటారా? ఆ పీఠభూమి మీద పుట్టనివాళ్ళే ఆ మాట అంటారు. ఎదుటివాడి పశువు చచ్చింది, మన ఇంట్లో జబ్బుంది, ఆ రెండిటినీ కలిపి ఒక్క వాక్యంలో చెప్పే నోరు అక్కడ ఎవరికీ లేదు.

అర్జీ మీద విచారణకి అధికారి వచ్చిన రోజున ఊళ్ళోని పెద్ద హాలు నిండిపోయింది. సొలాంజ్ రెజిస్‌ని తీసుకురాకూడదనుకుంది. టిబో కారేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మాస్టారు రాకపోతే ఎలాగండీ? ఆ దారి ఆయనది. ఆయన ఒక్క మాట చెబితే ఊరు వింటుంది" అన్నాడు. రెజిస్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడని చూసి సొలాంజ్ సరిచేసింది.

హాల్లో ముందు గిల్బేర్ లేచాడు. బెరే టోపీ చేతుల్లో నలుపుకుంటూ, "నేనెవర్నీ ఏమీ అనట్లేదండీ. బాట ఉంటే గేటుంటుంది, గేటుంటే తెరిచేవాడుంటాడు. బాటే లేకపోతే ఏ గొడవా ఉండదు. అంతే" అని కూర్చున్నాడు.

"ఎవర్నీ అనకపోవడమేంటి, అందరికీ తెలిసిందేగా!" అని వెనక నుంచి వేటగాళ్ళ సంఘం మనిషి అరిచాడు. "ఇదిగో, ఈ టిబో మాస్టారి మంద!"

"మేం కాదు" అన్నాడు టిబో. అతని మొహం కందగడ్డలా అయింది. "మా వాళ్ళకి మొదటిరోజు నేర్పేదే గేటు వెయ్యడం. ఆ రోజు మాలో ఒక్కరు కూడా ఇటు రాలేదు."

"అయితే ఆవే గొలుసు విప్పుకుని షికారుకెళ్ళిందంటావ్!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆగకుండానే రెజిస్ లేచి నిలబడ్డాడు. సొలాంజ్ చెయ్యి పట్టుకుని లాగింది. అతను విదిలించుకున్నాడు. గొంతు మునుపటిలా, కారులో పక్క సీట్లోంచి గదమాయించే గొంతులా ఖంగున మోగింది.

"నవ్వుతారేం? పశువు చచ్చింది. గేటు వెయ్యడం రానివాడికి సైకిలెక్కే హక్కు లేదు. ఎవడో వాడు... వాడిలో మానం అనేది ఉంటే జన్మలో మళ్ళీ ఆ బాట తొక్కకూడదు." అని టిబో వైపు తిరిగాడు. "నీ వాళ్ళలో ఎవడ్రా వాడు? నేను నీకు నేర్పింది ఇదేనా?"

చప్పట్లు కొట్టారు జనం. ఔనౌను, పెద్దాయన సరిగ్గా చెప్పాడన్నారు.  అంతమంది అన్నప్పుడు నిబ్బరంగా నిలబడ్డ టిబో, రెజిస్ అన్న మాటకి తల దించుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు సొలాంజ్ చూసింది.

ఆ క్షణంలో ఆమె ఒక లెక్క వేసుకుంది. ఇది ఆమె తర్వాత ఎవరితోనూ చెప్పుకోలేదు. ఈయన తిన్న పళ్ళెం కడిగేలోపు తిన్నానన్న సంగతే మరిచిపోతాడు. ఇప్పుడు నేనేం చెప్పినా సాయంత్రానికి గుర్తుండదు. ఊరికి నిజం తెలుస్తుంది, టిబో మీద నింద పోతుంది, బాట నిలుస్తుంది. ఈయనకి మాత్రం ఏమీ తెలియదు. అలా అనుకుని లేచింది.

"గేటు వెయ్యనిది వీళ్ళు కాదండీ. మా ఆయన" అంది.

 ఎవరో "కంచే చేను మేసిందన్నమాట" అనబోతే పక్కావిడ మోచేత్తో పొడిచింది. సొలాంజ్ మొత్తం చెప్పేసింది. తాగి దొరకలేదని, అది జబ్బని, ఏప్రిల్ నుంచి తనే వెనకాల తిరిగి గేట్లు వేస్తూ వచ్చిందని, ఆ ఒక్కరోజే మోకాలు లేవనివ్వలేదని. చెబుతున్నంతసేపూ అధికారి వైపే చూసింది గాని పక్కకి చూడలేదు. దాచుకున్న గుట్టంతా రచ్చకెక్కించి కూర్చుంది.

గిల్బేర్ మళ్ళీ లేచాడు. "నాకు తెలుసు సొలాంజ్."

"ఏం తెలుసు?"

"వీడే అని. మే నెలలో చూశాను, గడ్డి కోస్తూ. నువ్వు మూసి వెళ్ళడం కూడా చూశాను."

"మరి బాట ఎందుకు మూయిస్తున్నావ్?"

"ఇంకేం చెయ్యమంటావ్?" అన్నాడు గిల్బేర్. "వీడి పేరు బయటపెట్టమంటావా? గేటు వెయ్యలేదని, రెజిస్‌ని? బాట పోతే ఇంక ఎవడూ ఎవర్నీ అడగడు, వీడి పరువు వీడికి మిగులుతుందనుకున్నాను. వీడికి ఆ దారి తప్ప ఇంకేం లేదని నాకెలా తెలుస్తుంది, నువ్వు చెప్పకపోతే? గడప దాటొచ్చి ఒక్క మాట చెబితే పోయేది కదే!"

"నువ్వొచ్చావా మరి?" అంది సొలాంజ్.

గిల్బేర్ అధికారి వైపు తిరిగాడు. అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని అన్నాడు. బాట ఊరికే ఉంటుంది, రెజిస్ ఎప్పటిలాగే రావచ్చు, గేట్లు తనే చూసుకుంటానన్నాడు. అధికారి పక్కన కూర్చున్న మేయరమ్మ కళ్ళు తుడుచుకుంది. టిబో వచ్చి సొలాంజ్ చేతులు పట్టుకున్నాడు. సొలాంజ్‌కి గుండె మీంచి బండ దించినట్టయింది. అప్పుడు రెజిస్ వైపు చూసింది.

అతను నిలబడే ఉన్నాడు. "ఆవు చచ్చిపోయిందా?" అని గిల్బేర్‌ని మెల్లగా అడిగాడు.

"పెయ్య రా. పోనీలే."

"నేనా?"

గిల్బేర్ తన చేతిలో టోపీ వంక చూశాడు. రెజిస్ సొలాంజ్ వైపు తిరిగాడు. "నేనా?" అన్నాడు మళ్ళీ. అంతమంది ముందు, ఒక్క నిమిషం కిందటే చెప్పిన మాటని ఆమె వెనక్కి తీసుకోలేకపోయింది. అవునని తలూపింది.

ఆ రాత్రి సూప్ తాగాడు. ఇవాళ ఏం వారం అని అడిగాడు. ఎక్కడికెళ్ళొచ్చామని అడిగాడు. సొలాంజ్ ఆ ప్రశ్నకి దేవుడికి దణ్ణం పెట్టుకున్నంత పని చేసింది. మరిచిపోయాడు. అంతా సర్దుకున్నట్టే.

పొద్దున్నే కాఫీ అయ్యాక కొట్టం తలుపు తీసి, "దారి పొడిగా ఉంది, వెళ్ళొస్తావా?" అంది.

"నేను వెళ్ళకూడదు" అన్నాడు రెజిస్. "గేట్లు వెయ్యను కదా."

మర్నాడూ అదే మాట. ఆ పై వారమూ అదే. గిల్బేర్ గేట్లకి స్ప్రింగులు పెట్టించి, వాటంతటవే మూసుకునేట్టు చేయించి, స్వయంగా వచ్చి పిలిచాడు. "రారా ముసలోడా, ఇప్పుడు నువ్వు వెయ్యాలన్నా వెయ్యలేవు, అవే పడతాయి" అని బతిమాలాడు. రెజిస్ అతనికి మర్యాదగా కుర్చీ చూపించి, "నీ పశువుల జోలికి నేను రాను గిల్బేర్" అన్నాడు. టిబో వాళ్ళు ఆదివారాలు వచ్చి ఇంటి ముందు సైకిలు గంటలు కొట్టి పిలిచేవారు. అతను కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపి, మళ్ళీ కుర్చీలోకి వెళ్ళిపోయేవాడు. చివరికి సొలాంజ్ అబద్ధం కూడా ఆడింది. "నువ్వు కాదు రెజిస్, పట్నం వాళ్ళెవరో. నేనే పొరబడ్డాను" అంది. అతను జాలిగా నవ్వాడు. "నువ్వు మంచిదానివి" అన్నాడు.

చలికాలం గడిచేసరికి అతని జ్ఞాపకంలోంచి అన్నీ పోయాయి. డ్రైవింగ్ స్కూలు పోయింది, లిమోజ్ పోయింది, చచ్చిపోయిన తమ్ముడు బతికొచ్చాడు. మార్చిలో ఒక పొద్దున కాఫీ పోస్తున్న సొలాంజ్‌ని చూసి, "మీరు చాలా శ్రమపడుతున్నారు మేడమ్. మీ పేరేంటి?" అని అడిగాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉంటే ఒక ఆశ పుట్టింది. సిగ్గులేని ఆశ. నన్నే మరిచిపోయినవాడికి ఆ గేటు సంగతి మాత్రం గుర్తుంటుందా? మొహం కడుక్కుని కొట్టంలోకి పోయి సైకిల్ దింపింది. గుడ్డతో తుడిచి, టైర్లలో గాలి కొట్టి, నడిపించుకొచ్చి గుమ్మం ముందు ఎండలో నిలబెట్టింది.

రెజిస్ బయటికి వచ్చాడు. సైకిల్ని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. ఇన్ని నెలలుగా ఆమె ఎదురుచూస్తున్న మొహం అదే. హ్యాండిల్ మీద చెయ్యేసి నిమిరాడు, సీటు ఎత్తు చూశాడు, బ్రేకు నొక్కి వదిలాడు.

"ఎంత బావుంది!" అన్నాడు. "ఎవరిది?"

"నీదే రెజిస్. ఎక్కు. దారి పొడిగా ఉంది, నేనూ నీ వెంట వస్తాను."

అతను చెయ్యి తీసేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాది కాదు మేడమ్. మీకెవరో తప్పు చెప్పారు. నేను గిల్బేర్ వాళ్ళ ఆవుని చంపినవాణ్ణి. నాకు సైకిలెవరిస్తారు?"